నా మీద ఒట్టు

నెల్లూరు ఆస్పత్రిలో నా కూతురి తలలో గడ్డకు ఆపరేషన్ అయ్యాక, ఒకరోజు పెద్ద డాక్టరు మాట్లాడాలన్నారు. ఆడవాళ్ళు తట్టుకోలేరని నన్ను వరండాలో కూర్చోబెట్టి, పిల్లనెత్తుకుని నా భర్త, మా బావగారు లోపలికి వెళ్ళారు.

"గడ్డంతా తీసేసినారు, ఇంక భయంలేదు" అన్నారు బయటికొచ్చి. నేను బావగారి కాళ్ళకు దండం పెట్టాను. మా ఊరు తోటపల్లి గూడూరు వచ్చి వీధంతా పాయసం పంచాను. ఎంత పిచ్చిదాన్ని!

కొన్నాళ్ళకు పిల్లకు మళ్ళీ పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. ఏం తిన్నావే అని నేను కసురుకుంటుంటే నా చెయ్యి పట్టుకుంది.

"గడ్డ కొంచెం మిగిలిందంటమ్మా. దాన్ని మాడ్చేదానికి కరెంటు పెట్టే మిషను ఈడ లేదు, మద్రాసు పోవాలన్నాడు డాక్టరు. పెదనాయన అంత ఖర్చు వద్దులే అన్నాడు. నీకు చెప్పొద్దని నాయన నా చేత నీ మీద ఒట్టేయించుకున్నాడు."

అమ్మ మీద వేసిన ఒట్టు తప్పితే అమ్మ చచ్చిపోతుందని మా పిల్లలు నమ్ముతారు. ఆ సంగతి ఆ ఇద్దరికీ బాగా తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ తల పగిలిపోతున్నా నా బిడ్డ నోరు విప్పలేదు.

చెప్పేసి, భయంగా నా ముఖంలోకి చూసింది.

"నీకేం గాదు గదమ్మా?"