తలకు జానెడు పైన టోపీ

హ్యూస్టన్ శివార్లలో ఒక పెద్ద కొలను ఉంది. అంతరిక్షంలో నడవబోయే వ్యోమగాములు ముందు ఆ నీళ్లలో నడుస్తారు. పదకొండేళ్లు వాళ్లతోపాటు మునిగి, వాళ్లను పట్టుకుని తిప్పడం నా పని. నీలంలో తెల్లటి ఆకారాలు మెల్లగా దొర్లుతుంటే, ఎవరి నిద్రలోకో తొంగి చూస్తున్నట్టు ఉండేది. ఎన్నో రేవులు తిరిగాను, ముత్యాల కోసం మునిగేవాళ్లనూ చూశాను. ఇంత నిశ్శబ్దమైన పని మరెక్కడా లేదు.

కానీ ఆ కల చూసేవాళ్లది. నీళ్లలో సూటు తేలుతుంది, లోపలి మనిషి తేలడు. తలకిందులైతే ఒంటి బరువంతా భుజాల మీద పడుతుంది.

లియోనా గిడ్రీ ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ వ్యోమగాములకు సూట్లు తొడిగింది. భుజం నొప్పని ఎవరూ నోరు విప్పరు. విప్పితే నడక ఇంకొకరికి పోతుంది. అందుకే ఆమె, హెల్మెట్ కింద పెట్టుకునే మైకుల టోపీని చేతికివ్వదు, వాళ్ల తలకు జానెడు పైన పట్టుకుంటుంది. భుజం బాగున్నవాళ్లు అందుకుంటారు. బాగాలేనివాళ్లు జోకు వేస్తారు.

ఒక పొద్దున మారిట్ హాల్డర్సన్ అనే వ్యోమగామి టోపీని ఎడమ చేత్తో తీసుకుంది. నేను గట్టున కూర్చుని కాళ్లకు ఈత రెక్కలు తొడుక్కుంటున్నాను.

"కుడి చెయ్యి సెలవులో ఉందా?" అంది లియోనా.

"దానికింకా కాఫీ పడలేదు, మిస్ లియోనా."

"ఆ జోకు నీకన్నా ముందు పదిమంది వేశారు పిల్లా."

మారిట్ గొంతు తగ్గించింది. "నా నడకకు ఇంకో ఆరు వారాలే. తొమ్మిదేళ్లు ఆగాను. డాక్టరుకి చెప్పకు."

"పైన భుజం జారితే పట్టుకోడానికి నేనుండను కదా."

"మరి నీ సంగతి? టోపీ ఇవాళ నా ముక్కు దగ్గరే ఆగింది."

లియోనా తన కుడి భుజం తడుముకుంది. ఏళ్ల తరబడి ఆ బరువు సూట్లు ఎత్తిన భుజం అది. "తెలిస్తే గోదాములో పడేస్తారు పిల్లా. చేతి తొడుగులు మడతపెట్టుకోమని."

"సరే, నాది నువ్వు చెప్పు. నీది నేను చెప్తా."

ఇద్దరూ కలిసే డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఖాళీ సూటు చేతులు చాచుకుని స్టాండు మీదే ఉండిపోయింది. నీళ్లు కదల్లేదు.

ఆ నడక వేరొకరికి పోయింది. లియోనా గోదాముకే పోయింది. ఏడాదిన్నరకు మారిట్ వంతు వచ్చింది. గోదాము టీవీలో ఆమె కుడిచెయ్యి మెల్లగా లేచి, పైనున్న నౌక కమ్మీని అందుకుంది. నా పక్కన లియోనా చెయ్యి కూడా తనకు తెలియకుండానే లేచింది, తలకు జానెడు పైదాకా.