నలభై ముగ్గురు చూసిన టీవీ

ఆదోనిలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న రోజుల్లో నాకు దొరికిన మొదటి పని, జనం టీవీ ఎలా చూస్తున్నారో అడిగి రాసుకోవడం. ఎనభైలు అప్పటికి సగం గడిచాయి. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు ఫారాల కట్ట చేతికిచ్చి నన్ను ఎమ్మిగనూరుకు పంపాడు.

అక్కడ నేతగాళ్ళ వీధిలో ఒకే ఇంట్లో టీవీ ఉండేది. ఇంటి మనుషులు ఐదుగురు. ఆదివారం పొద్దున హిందీ సీరియల్ వచ్చే వేళకు లెక్కపెడితే నలభై ముగ్గురు తేలారు. ఉర్దూ మాట్లాడే పక్కింటి ముస్లిం అవ్వకు తప్ప ఎవరికీ ఆ భాష రాదు. ఆమె జనంవైపు తిరిగి కూర్చుని, ఒక్కో మాటా తెలుగులో చెప్పేది. ఏడ్చే చోట తనూ ఏడ్చేది.

ఫారంలో చూసేవాళ్ళకు ఆరు గడులే ఉన్నాయి. మిగతావాళ్ళను వెనకవైపు రాశాను. అవ్వను ఎక్కడ పెట్టాలో తెలియక అంచున ‘చెప్పే మనిషి’ అని రాశాను.

ఆఫీసరు అది చూసి, “ఇంట్లో కూర్చుని రాసుకొచ్చావా అమ్మా? వచ్చే ఆదివారం నేనే వస్తాను” అన్నాడు.

మా నాన్న మంత్రాలయంలో బడిపంతులు. ఆడపిల్లకు ఊళ్ళు తిరిగే పనేమిటన్న బంధువులకు నా తరఫున జవాబు చెప్పినవాడు. కూతురు దొంగ ఫారాలు రాసిందన్న మాట ఆయన చెవిన పడితే? ఆ వారం నాకు నిద్ర లేదు.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. టీవీ మోగుతోంది. చాప మీద ఇంటావిడ, ఆమె అత్త, ఇద్దరు పిల్లలు. ఇంటాయన పక్కనే మగ్గం నేస్తున్నాడు. ఇంకెవరూ లేరు.

“జనమంతా యాడికి పోయినారక్కా?” అన్నాను.

“అవ్వ లేదు కదమ్మా. కూతురిని చూసేకి ఆదోనికి పోయింది. బస్సు రాలేదేమో. ఆయమ్మ లేకుంటే ఈడికొచ్చి ఏం జేస్తారు? మాకే ఏమీ తెలీకుండాది.”

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు.

సీరియల్ సగమయ్యాక వీధిలో కేకలు వినిపించాయి. “అవ్వ వచ్చినాది! రాండి!” అవ్వ చేతిసంచితోనే లోపలికి వచ్చింది. వెనకే జనం. చాప నిండింది, గడప నిండింది, కిటికీ ఊచలకు ముఖాలు ఆనుకున్నాయి. మగ్గం ఆగింది.

“యాడిదాకా వచ్చింది కత?”

“ఆయమ్మ ఏడుస్తాండాది అవ్వా. ఎందుకో తెల్దు.”

అవ్వ కాసేపు విని, “మొగుడు సెప్పకుండా ఇల్లు అమ్మేసినాడంటప్పా!” అంది. ఇల్లంతా అయ్యో అంది. గోడకు అతుక్కుపోయిన ఆఫీసరు తలలు లెక్కపెట్టబోయి రెండుసార్లు తప్పాడు.

గుండె మీది బరువు దిగి నాకు కన్నీళ్ళు వచ్చేశాయి. పక్కనున్న ముసలామె నా వీపు నిమిరింది. “ఊరుకో తల్లీ. వచ్చే వారానికి వానికే బుద్ధొస్తాదిలే.”

బయటికి వచ్చాక ఆఫీసరు తప్పయిందని అనలేదు. ఫారం తీసి, అవ్వ కోసం తన పెన్నుతో ఏడో గడి గీశాడు. “మిగతా వీధుల్లోనూ ఇలా చెప్పేవాళ్ళున్నారేమో అడుగు” అన్నాడు.

ఇంటావిడ మమ్మల్ని మళ్ళీ లోపలికి పిలిచి, బొరుగులతో చేసిన ఉగ్గాని పెట్టింది. సిగ్గుపడకుండా రెండోసారి అడిగి వేయించుకున్నాను.