సుబేదారు బాయి

శామీర్‌పేటలో, అంటరానివాళ్లంటూ ఊరబావిలో చేద వేయనివ్వని వాళ్ల కోసం తవ్విన బావి అది. జాగా ఇచ్చింది నేను, దగ్గరుండి తవ్వించింది నేను. పేరు మాత్రం సుబేదారు బాయి!

వాడవాడకూ బావి ఉండాలని హుకుం ఇచ్చాడు, నిజాం సర్కారు తరఫున మా సుబాను, అంటే కొన్ని జిల్లాలను, ఏలిన ఆ సుబేదారు. రజాకార్ల గొడవకు ముందు ఒక్కసారే వచ్చాడు. ఇంటినుంచి తెచ్చిన వెండి గ్లాసుతో నేను నీళ్లందిస్తే పక్కన పెట్టాడు. నీళ్లు తోడుతున్న ముసలమ్మ ముందు వంగి, "పొయ్యమ్మా" అని దోసిలి పట్టాడు. ఎక్కడికెళ్లినా అంతేనట. ఆ ఒక్క దోసిలికే ఊరంతా ఆయనదైపోయింది. ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఆయన బదిలీ అయ్యాక, ఒక ఎండపూట నేనూ వెళ్లి దోసిలి పట్టాను. ముసలమ్మ నా ముఖంలోకి చూసింది.

"మీకెందుకు పటేలా గీ తిప్పలు? ఇంట్ల ఎండి గిలాసున్నది గద!"