ఆర్కేడియాలో చందత్త

2023 ఫిబ్రవరి 11, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మాంట్రియల్‌లో నేను పనిచేసే మ్యూజియంలో నా మొదటి తెలుగు టూర్ మొదలైంది. నేను డోసెంట్‌ని, అంటే ప్రదర్శనలోని వస్తువుల పక్కన నిలబడి వాటి కథ చెప్పే మనిషిని. పన్నెండేళ్లుగా ఇంగ్లీషులోనే చెబుతున్నాను. రెండేళ్లు అడగ్గా తెలుగుకు ఒక్క అవకాశం ఇచ్చారు. జనం మధ్యలో వెళ్లిపోతే మళ్లీ అడగవద్దని కోఆర్డినేటర్ క్లేర్ ముందే చెప్పింది.

వచ్చినవారు పదకొండు మంది. ఆర్కేడియా గది దగ్గర ఆగాం. ఆర్కేడియా అంటే దక్షిణ గ్రీసులో కొండల నడుమ ఉండే గొర్రెల కాపరుల సీమ. మేక కాళ్ల దేవుడు పాన్ అక్కడివాడే. నేను నగరాలు, యుద్ధాలు వరుసగా చెబుతుంటే ఏడేళ్ల సహస్ర తన తండ్రి రమేశ్ కోటు పట్టుకుని తలుపువైపు లాగసాగింది. వాళ్లు కదిలితే మిగతావారూ కదులుతారు.

కంగారుగా పాన్ కంచు బొమ్మ చూపించాను. "ఈయన చందమామను ప్రేమించాడు. తెల్లటి ఉన్ని చూపించి ఆ దేవతను మచ్చిక చేసుకున్నాడు."

సహస్ర ఆగింది. "వెయిట్. మామ అంటే మ్యాన్ కదా, ఆంటీ. దేవత ఎలా?"

నోటి అలవాటు నన్ను పట్టించింది. గ్రీకుల చంద్రుడు ఆడమనిషి, పేరు సెలీనీ అని సర్దిచెప్పాను.

"అయితే చందమామ కాదు. చందత్త."

అత్త అయితే గోరుముద్దలు కాదు, మొట్టికాయలు పెడుతుందన్నాడు రమేశ్. పక్కనున్న అతని తల్లి ఊరుకోలేదు. "నా బిడ్డనేం అనకురా. నీ చెల్లె కూడా దీనికి అత్తనే."

అందరూ దగ్గరికి జరిగారు. ఆర్కేడియా వాళ్లు తాము చంద్రుడికన్నా ముందు పుట్టామని చెప్పుకునేవారన్నాను. సహస్ర ముఖంలో నిజమైన దిగులు కనిపించింది.

"మరి పిల్లలకు ఏం చూపించి అన్నం పెట్టారు?"

ఓక్ చెట్టు కాయలు తినడం వాళ్లకు మొదటి రాజు పెలాస్గస్ నేర్పాడట. ఆ కాయలకు చంద్రుడు అక్కర్లేదేమోనన్నాను. పదకొండు మందీ చివరిదాకా ఉన్నారు. క్లేర్ మార్చి నెలకు తేదీ ఇచ్చింది.

ఒక దేశపు దేవత మన భాషలోకి వస్తే ముందు చుట్టరికం కుదరాలి, చరిత్ర తరువాత చెప్పవచ్చని ఆ రోజు తెలిసింది.

పోయినవి: చెప్పకుండా మిగిలిన, తోడేలుగా మారిన ఆర్కేడియా రాజు కథ, సహస్ర ఎడమచేతి గ్లవ్, టూర్ సాగడంతో నా మధ్యాహ్న భోజనం.