కాళ్లు లేని అటక

కొమరయ్య మేస్త్రి సామాన్యుడు కాడు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకానే, కట్టింది మాత్రం ఆ బడికే రెండు కొత్త గదులు. చేర్యాల దిక్కున ఆయన పోయించిన నీళ్ల ట్యాంకు నేటికీ చుక్క కారదు. పంచాయతీ ఆఫీసు ఆయన కట్టిందే, పశువుల దవాఖాన ఆయన కట్టిందే. ఊరికి సర్పంచులు మారారు గాని వాళ్ల ఇళ్లకు స్లాబు పోసిన చెయ్యి మారలేదు. మండలంలో కలెక్టరు చేత శాలువా కప్పించుకున్న మేస్త్రి ఆయన ఒక్కడే.

అటువంటి మనిషి, భార్య పోయాక, కెనడాలోని లండన్‌లో కూతురు నిఖిల ఇంటికి వచ్చి, వారం తిరక్కుండానే ఓడిపోయాడు. భార్య ఫొటో తగిలిద్దామని మేకు కొడితే గోడ పిండిలా రాలి, మేకు ఊడి చేతికొచ్చింది.

"బాపూ, ఇది ఇటుక గోడ కాదు. పైన అట్ట, లోపలంత ఖాళీ. రెండు జానలకో, మూడు జానలకో ఒక నిలువు కర్ర ఉంటది, స్టడ్ అంటరు. కొడితే దాంట్లనే కొట్టాలె," అంది నిఖిల.

"గోడల కర్రను దాసుడేందే? దొంగ గోడ!"

తిట్టాడు గాని వదిలిపెట్టలేదు. వేలి కణుపుతో తడుతూ, డొల్ల మోత ఎక్కడ ఆగి గట్టి మోత ఎక్కడ మొదలవుతుందో చెవికి పట్టించాడు. అయస్కాంతం ముక్కను గోడ మీద జార్చేవాడు. అట్టను కర్రకు బిగించిన మర తగలగానే అది టక్కున అతుక్కునేది. ఏడాది తిరిగేసరికి లండన్‌లో తెలుగువాళ్ల గోడల మీది టీవీలన్నీ ఆయన బిగించినవే. గంటన్నర దూరంలోని ఓక్‌విల్ వాళ్లు కారు పంపి మరీ పిలిపించుకున్నారు. ఒక్క టీవీ జారలేదు.

కాలేజీలో సీటు దొరికిన పిల్లలకు పడుకునేందుకు చోటు దొరకని రోజులవి. నిఖిల ఇంటి అడుగున, బేస్‌మెంట్ గదిలో అప్పటికే ముగ్గురు కుర్రాళ్లు. నాలుగోవాడు నల్లగొండ దీక్షిత్, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు పక్కన దుప్పటి పరుచుకునేవాడు. రాత్రి వేర్‌హౌస్‌లో డ్యూటీ, పగలు నిద్ర. ఆ వేడికీ మోతకీ కన్ను మూతపడేది కాదు. ఒకసారి క్లాసులోనే కళ్లు తిరిగి పడ్డాడు.

"తాతా, ఇంకో నెల ఇట్లనే అయితే చదువు ఇడిసిపెట్టి ఇంటికి పోవుడే," అన్నాడు.

"నేనుండంగ ఎట్ల పోతవ్‌రా? నీకు అటక కడత."

గది మూలన మూడు పక్కలా గోడలున్న సందు ఒకటుంది. అందులో, ముందున్న ముగ్గురిలో ఒకడైన సాయి తేజ చదువుకునే బల్ల. దాని మీద ఎత్తున అటక వేస్తే దీక్షిత్‌కు చోటవుతుంది. సాయి తేజది కాకినాడ, నోరు ఊరుకోదు.

"మేస్త్రీ గారూ, పైన ఆడు, కింద నేను. ముందు నాకో హెల్మెట్ కొనిపెట్టండి."

"నీ నోరు పడాలె గాని నా అటక పడది."

"బాపూ, నాలుగు కాళ్లు పెట్టరాదే, మంచం లెక్క," అని నిఖిల బతిమాలింది.

"అటకకు కాళ్లేందే? అటకను గోడ మోస్తది. నవ్వుతరు!"

సొంతూళ్లో ఆయన పోసిన అటకలు వడ్ల బస్తాలు మోశాయి. ఒక్కదానికీ కాలు లేదు.

ఆ సందులో అయస్కాంతం పెట్టి చూశాడు. పై అంతస్తులో అది మర ఉన్న చోటే అతుక్కునేది. ఇక్కడ స్టడ్ వెంట పైనుంచి కింది దాకా ఎక్కడ పెట్టినా అతుక్కుంది. కొమరయ్య మొహం వెలిగిపోయింది.

"ఇనుమురా! కింది గోడకు ఇనుమేసిండ్రు! కర్రనే అంతంత టీవీలు మోస్తుంటే ఇనుముకు మీరొక లెక్కనా?"

బతుకంతా ఇనుప చువ్వను నమ్మి స్లాబులు పోసినవాడు. ఇనుము కనబడ్డాక ఇంక అనుమానమేముంటుంది? పొడుగు బోల్టులు తెప్పించాడు. డ్రిల్లు మాత్రం కర్రలో దిగినట్టు పట్టి పట్టి దిగలేదు. ఒక్క ఊపున దాటి అవతల ఖాళీలో పడింది. చెయ్యి ఒక క్షణం ఆగింది. డ్రిల్లు ముక్క కొత్తది గదా అనుకుని సాగించాడు. మూడు గోడలకూ బద్దలు బిగించి, పలకలు పరిచి, ముందు తనే ఎక్కి కూర్చున్నాడు. పిల్లలు ఈలలు వేశారు. ఆనాటి నుంచి దీక్షిత్ కడుపు నిండా నిద్రపోయాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఇల్లు అదిరింది. కొమరయ్య దిగివచ్చేసరికి అటక బల్ల మీదా, సాయి తేజ వీపు మీదా పడి ఉంది. దీక్షిత్ నేల మీద మోకాళ్లపై కూర్చుని, "సాయీ, మాట్లాడురా," అంటున్నాడు. పక్కకు పడ్డ లాప్‌టాప్‌లో సారు పాఠం చెబుతూనే ఉన్నాడు.

వెన్నుపూస చిట్లిందన్నారు ఆసుపత్రిలో. నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

అంబులెన్స్ వాళ్ల మాట మీద మర్నాడు ఇళ్ల కట్టడాలు తనిఖీ చేసే సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చిరిగిన అట్టలోంచి లోపలి ఇనుమును చూపించి చెప్పాడు. నిఖిల తెలుగులో చెప్పింది: "అది బరువు మోసేది కాదట బాపూ. అట్ట నిలబడేందుకు పెట్టిన రేకేనట."

కొమరయ్య చెయ్యి లోపలికి పెట్టి రెండు వేళ్లతో వంచాడు. నూనె డబ్బా రేకులా వంగింది.

ఎవరు కట్టారని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. నిఖిల ఏదో చెప్పబోయేలోగా కొమరయ్య తన ఎదురురొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది అడిగిన ప్రశ్న అది! తల వంచుకుని జవాబివ్వడం ఇదే మొదలు.

బేస్‌మెంట్‌లో ఇకపై ఎవరూ పడుకోకూడదని ఆర్డరు వేశారు. మిగతా ఇద్దరినీ స్నేహితులెవరో తీసుకుపోయారు. దీక్షిత్ సూట్‌కేసు సర్దుకుని మంచులోకి దిగాడు. కొమరయ్య చెప్పులతోనే వెంట నడిచాడు.

"ఏడికి పోతవ్ బిడ్డా?"

"ఇయ్యాల డ్యూటీ ఉంది తాతా. తెల్లారేదాక ఫికర్ లేదు."

"తెల్లారినంక?"

కొమరయ్య సూట్‌కేసు అందుకోబోతే, దీక్షిత్ మెల్లగా దాన్ని అవతలి చేతికి మార్చుకున్నాడు.