మేక నూగు స్వెట్టర్

మా తమ్ముడు సైన్యంలో పనిచేస్తాడు. పోయిన చలికాలం లడఖ్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు అమ్మకు ఒక స్వెట్టర్ తెచ్చాడు. బూడిద రంగుది, ముందు గుండీలు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు.

"కాశ్మీర్ ఉన్నిమా. మేకది," అన్నాడు.

అమ్మ నవ్వింది. అరవనాట మా ఊరు పెరియంపట్టిలో మా ఇంట మేకలు లేని రోజు లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి వాటిని చూసుకునేది ఆమే.

"గొర్రెది అను, నమ్ముతాను. మేకకు యాడుంటాదిరా ఇంత మెత్తని బొచ్చు?"

"ఆడ చలికి నీళ్లు గడ్డకడతాయిమా. పై బొచ్చు కింద నూగు మాదిరి ఇంకొకటి పెరుగుతాది. చలి తగ్గినాక దాన్ని దువ్వి తీస్తారు."

మరునాడు పొద్దున నేను కాఫీ తీసుకుని కొట్టం దగ్గరికి పోతే, అమ్మ పాత దువ్వెనతో ఎర్రమేక పొట్ట దువ్వుతోంది. మేక మెడ చాచి, కళ్లు సగం మూసి, హాయిగా నిలబడి ఉంది.

"ఏమన్నా వచ్చెనామా?"

"ఉన్ని రాలే, ఉణ్ణి వచ్చె!" అని దువ్వెన ఎత్తి చూపించింది. అరవంలో ఉణ్ణి అంటే గోమారి. నల్లగా ఒకటి పళ్ల మధ్య కాళ్లాడిస్తోంది. ఇద్దరం కాఫీ చల్లారేదాకా నవ్వుకున్నాం.

ఆ మార్గళి నెల చలి అంతా ఆమె స్వెట్టర్ వేసుకునే పాలు పితికింది. పెట్టెలో దాచుకోమంటే వినలేదు. తమ్ముడు సెలవు ముగించుకుని వెళ్లిపోయాడు. సంక్రాంతితో తై నెల వచ్చేసరికి చేతుల అంచుల్లో పాల మరకలు, మోచేతుల దగ్గర చిన్న చిన్న బొచ్చు ఉండలు. పాపిరెడ్డిపట్టిలో మేనత్త మనవరాలి పెళ్లి, ముహూర్తం తెల్లవారుజామున. దానికి ఈ స్వెట్టరే వేసుకుంటానంది అమ్మ.

"ఉతికి ఇస్త్రీ చేసి పెట్టు పాపా."

నాకు నూలు చీరలు తెలుసు, పట్టు తెలుసు. ఇది తెలియదు. తమ్ముడికి ఫోన్ చేశాను.

"మెషిన్‌లో వేసేవు అక్కా, బిడ్డ చొక్కా అయిపోతాది! వేణ్ణీళ్లు వద్దు, పిండొద్దు, తీగ మీద వేలాడేయొద్దు," అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

బకెట్‌లో చల్లనీళ్లు పోసి, తలకు పోసుకునే షాంపూ కొద్దిగా కలిపి, స్వెట్టర్‌ను అందులో ముంచి మెల్లగా అదిమాను. మరకల మీద గోరు కూడా తగలనివ్వలేదు. నీళ్లు మార్చి మార్చి జాడించాను. పైకి తీస్తే తడి బరువుకు స్వెట్టర్ చేతులు సాగిపోతున్నాయి. రెండు చేతులతో కిందనుంచి పట్టుకుని ఎత్తాను.

"ఇంత నీళ్లు కారతా ఉంటే ఒకసారి మెలిపెడితే ఏమి?" అంటూ అమ్మ చెయ్యి చాచింది.

"వద్దుమా, వద్దు!"

పెద్ద తుండు పరిచి, దాని మీద స్వెట్టర్ పెట్టి, చాపలా చుట్టి ఒత్తితే నీళ్లన్నీ తుండుకు వచ్చేశాయి. తర్వాత వసారా నీడలో మంచం మీద దుప్పటి వేసి, చేతులు సరిచేసి ఆరబెట్టాను. మేకపిల్లలు మంచమెక్కకుండా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలిచింది.

ఆరిన తర్వాత లోపలి వైపు పైకి వచ్చేలా తిప్పి పరుచుకుని, ఇస్త్రీపెట్టె వేడి బాగా తగ్గించాను. నాన్న పాత పంచె ముక్క తడిపి పైన పరిచాను. ముందు ఎవరికీ కనబడని లోపలి అంచు మీద ఒకసారి ఆనించి చూశాను. ఏమీ కాలేదు. ఇక ధైర్యం వచ్చింది. రుద్దకుండా, జరపకుండా, ఆనించి ఎత్తి, పక్కన మళ్లీ ఆనించి ఎత్తాను.

"బాలింతకు కాపడం పెట్టినట్టు చేస్తా ఉండావే," అంది అమ్మ.

గుడ్డ కిందనుంచి ఆవిరి లేచింది. ముడతలు ఒక్కొక్కటే పోయాయి. అమ్మ వంగి ఆ ఆవిరిని వాసన చూసింది. మళ్లీ చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"నిజమే పాపా, మేకే! మనది కాదు, యా ఊరి మేకో. అయినా మేకే!"

తమ్ముడి మాట ఆమె పూర్తిగా నమ్మింది అప్పుడే అనుకుంటాను. ఉండలను నేను చిన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించాను. స్వెట్టర్ దుకాణం నుంచి అప్పుడే తెచ్చినట్టుంది.

పెళ్లి మండపంలో చలి ఎముకలు కొరికింది. ఆడవాళ్లందరూ అమ్మ చెయ్యి పట్టుకుని స్వెట్టర్ తడిమి చూశారు. అమ్మ గర్వంగా చెయ్యి చాచి కూర్చుంది. తాళి కట్టడానికి కాస్త ముందు, మా వరసలో కూర్చున్న బాలింత చంటిబిడ్డను పలచని కొంగులో చుట్టుకుని వణకడం అమ్మ చూసింది. వెంటనే స్వెట్టర్ విప్పి బిడ్డకు చుట్టేసింది. ఏడుస్తున్న బిడ్డ ఆ మెత్తదనంలో ముక్కు దాచుకుని ఊరుకుంది. కాసేపటికి తాగిన పాలు దాని మీదే కక్కింది.

ఆ బాలింత కంగారుగా కొంగుతో రుద్దబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"రుద్దొద్దు పాపా, ఉండలు కడతాది. ఊరికే అద్దు. ఇంటికి పోయి చల్లనీళ్లలో ముంచి అదిమితే పోతాది. మా పాపకు బాగా తెలుసు."

మేళం జోరందుకుంది. ఇంటికి పోయాక ఆరబెట్టడానికి మంచం ఖాళీ చేయాలనుకుంటూ, నేను అక్షింతలు వేయడానికి లేచాను.