దుమ్మన్న మాట

వీధిలో అందరూ ఆయన్ని నునుపు బాబాయి అంటారు. మూలమీది స్టూడియో ఆయనది. అక్కడ తీసిన ఏ ముఖమైనా నున్నగా బయటికొస్తుంది. మొటిమలు, కళ్ళ కింది నలుపు, గడ్డం మీది గాట్లు, అన్నీ కంప్యూటర్లో తుడిచేస్తాడు. అడక్కముందే తుడుస్తాడు.

"నేనింత బాగుంటానని మా ఆవిడకు కూడా తెలీదు బాబాయ్" అని ఉత్తరాలు పంచే ఆయన ఒకసారి నవ్వితే, "అయితే అద్దం తీసేసి ఈ ఫొటో తగిలించు" అన్నాడు.

బాబాయికి ఒక్కతే అక్క. రెండు వీధుల అవతల రొట్టెల బట్టీ నడుపుతుంది. నడివయసులో ఆమెకు బొల్లి వచ్చింది. ముందు వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి, తర్వాత ముంజేతులు, ఆపైన పెదవుల చుట్టూ. అంటుకుంటుందేమోనని మొదట్లో కొందరు రొట్టెలు కొనడం మానేశారు. కాదని తెలిసి ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వచ్చినవాళ్ళను ఆమె ఒక్క మాట అనలేదు. అలాగని చేతులు దాచుకోనూ లేదు. పిల్లలు వాటికేసి అదేపనిగా చూస్తే, "పిండిరా నాయనా, ఎంత కడిగినా వదలట్లేదు" అనేది.

ఒక చలికాలపు పొద్దున బాబాయి కెమెరా మెడలో వేసుకుని బట్టీకి వెళ్ళాడు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. అక్క పిండిముద్దను బల్లమీద గట్టిగా కొట్టినప్పుడల్లా తెల్లటి పొడి ఆ ఎండలోకి లేస్తోంది.

"కదలకక్కా!"

"కదలకపోతే రొట్టెలు నువ్వు చేస్తావా?" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు మీదే క్లిక్‌మనిపించాడు.

అంత మంచి ఫొటో ఆయన జన్మలో తీయలేదు. ఊళ్ళోని ఫొటోగ్రాఫర్ల సంఘం పోటీ పెడుతోందని తెలిసి, దీన్నే పంపాలనుకున్నాడు. నిబంధనలు చదివాడు. వెలుతురు, రంగు సరిచేసుకోవచ్చు. అంచులు కత్తిరించుకోవచ్చు. లెన్సు మీది దుమ్ము వల్ల పడ్డ చుక్కలు చెరపొచ్చు. అంతే. ఫొటోలో ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని పెట్టకూడదు.

అలాగే చేశాడు. నీడలు కాస్త తేల్చాడు, అంచున అడ్డంగా ఉన్న గోనెసంచిని కత్తిరించాడు, దుమ్ము చుక్కలు చెరిపాడు. అక్కడితో ఆగాల్సింది. చెయ్యి ఆగలేదు. అక్క ముంజేతుల మీదికి వెళ్ళింది, పెదవుల దగ్గరికి వెళ్ళింది. చూసేవాళ్ళు ఫొటో వదిలేసి మచ్చలే చూస్తారని తనకు తాను చెప్పుకున్నాడు.

మొదటి బహుమతి నీదేనని కబురొచ్చింది. బహుమతి ఇచ్చేముందు కెమెరాలోని అసలు ఫైలు చూస్తామని, తీసుకురమ్మన్నారు. చిన్న విషయమే, ఎవరు పట్టుకుంటారులే అని సర్దుకున్నాడు. అక్కను కూడా వెంటబెట్టుకెళ్ళాడు. ఆమె మంచి బట్టలు కట్టుకుని, బట్టీ మూసి మరీ వచ్చింది.

గ్రంథాలయం వెనక గదిలో ముగ్గురు నిర్ణేతలు కూర్చున్నారు. వాళ్ళలో జుట్టు నెరిసినావిడ, అసలు ఫైలు తెరిచేముందు, పోటీకి పంపిన ఫొటోను తెరమీద పెద్దది చేసింది. అక్క వెనక గోడకానించిన, అద్దంలా మెరుస్తున్న స్టీలు ట్రేను వేలితో చూపించింది.

"ఇక్కడ చూడండి. ట్రేలో కనిపిస్తున్న చేతికి తెల్లమచ్చలున్నాయి. పిండి మీదున్న చేతికి లేవు. ఏం తీశారు?"

బాబాయి నోటికొచ్చిందే అనేశాడు.

"దుమ్మండీ. లెన్సు మీద దుమ్ము. దుమ్ము చెరపొచ్చని మీరే రాశారుగా."

ఆవిడ చూపు బాబాయి పక్క కుర్చీలో కూర్చున్న అక్క ఒడిలోకి వెళ్ళింది. అక్కడ ఆ రెండు చేతులూ ఉన్నాయి. అక్క వాటిని దాచలేదు. తమ్ముడి ముఖంలోకి మాత్రం చూసింది.

నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది ఆయనకు.

"దుమ్ము కాదండీ" అన్నాడు తలెత్తకుండా. "మా అక్క చేతులు. నేనే చెరిపేశాను."

బహుమతి రెండో స్థానంలో ఉన్నవాళ్ళ ఫొటోకి వెళ్ళింది. దాని గురించి ఆయన ఆ తర్వాత ఎప్పుడూ బాధపడలేదు. బాధంతా తిరిగొచ్చే దారిలోనే ఉంది.

"బాగుండాలని చేశానక్కా."

"ఎవరికి?"

కొంతదూరం నడిచాక అక్క ఆగింది.

"మా అమ్మాయి పెళ్ళి ఫొటోల్లో కూడా నా మచ్చలు నువ్వే చెరిపావా?"

"ఊఁ."

"అన్నిట్లోనా?"

ఆయన తలూపాడు.

"ఫ్లాష్ వెలుగుకి కనబడలేదేమో అనుకున్నానురా ఇన్నాళ్ళూ" అంది. "జనం రొట్టెలు మానేసినప్పుడు కూడా ఇలా అనిపించలేదు. వాళ్ళు పరాయివాళ్ళు."

ఆ తర్వాత చాలాకాలం బాబాయి అక్క బట్టీవైపు వెళ్ళలేదు. రొట్టెలు భార్యే తెచ్చేది. ఏమైందని ఆమె అడిగితే, పనుందనేవాడు. స్టూడియోలో ఎవరి బుగ్గ మీద పుట్టుమచ్చ కనబడినా చెయ్యి ఆపేవాడు. "ఉంచనా, తియ్యనా?" అని అడగడం మొదలుపెట్టాడు. చాలామంది తియ్యమనే అన్నారు. అడుగుతున్నందుకే విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు.

ఒకరోజు పాత డిస్కులన్నీ వెతికి, మేనకోడలి పెళ్ళి ఫొటోలను ఉన్నవి ఉన్నట్టుగా మళ్ళీ ప్రింటు వేశాడు. ఆల్బమ్ చంకన పెట్టుకుని బట్టీకి వెళ్ళాడు.

అక్క చేతులు తుడుచుకుని ఒక్కో పేజీ తిప్పింది. కూతురి పక్కన నిలబడ్డ తనను చాలాసేపు చూసుకుంది.

"దాని మొటిమలు కూడా తిరిగొచ్చాయేంట్రా?"

"వచ్చాయి."

"చూసిందంటే నిన్ను చంపేస్తుంది."

క్షమించానని అనలేదు. ఆల్బమ్‌ను పిండి పడని చోట, పై అరలో పెట్టింది. ఒక వేడి రొట్టె కాగితంలో చుట్టి చాపింది. దాన్ని అందుకుంటూ ఆయన ఆ చేతులవైపు చూడలేక తల దించుకున్నాడు.

"చూడరా, ఏం కాదు" అంది అక్క.

అంతలో ఎవరో రొట్టెల కోసం రావడంతో ఆమె అటు తిరిగింది.